నాన్న ఎడమకాలు

ఆ వేసవంతా నేను పోట్లాడింది మా నాన్నతో కాదు, ఆయన ఎడమకాలితో. నాన్న మంచివాడే. నేను చెప్పిన ప్రతి మాటకీ బుద్ధిగా తల ఊపేవాడు. కాలే వినేది కాదు.

అది 1985. నాకు ఇరవై ఆరేళ్ళు. మొహావి ఎడారి అంచున ఒక కంపెనీ పరీక్షల మైదానంలో మూడు చక్రాల బండ్లు నడిపి చూడడం నా ఉద్యోగం. ముందొక చక్రం, వెనక రెండు, మూడింటికీ గుమ్మడికాయల్లా ఉబ్బిన టైర్లు. రోడ్డు లేనిచోట, ఇసుకలో, రాళ్ళలో తిరగడానికి చేసిన బండ్లవి. ప్రతి కొత్త బండినీ ఒక బరువైన మనిషీ, ఒక మధ్యరకం మనిషీ, ఒక తేలిక మనిషీ నడపాలని అక్కడి నియమం. ఆ తేలిక మనిషిని నేను. పొద్దున్నే కాఫీ కూడా తాగనివ్వకుండా కాటా ఎక్కించి బరువు రాసుకునేవారు. నేను పుట్టినప్పుడు మంత్రసాని కూడా నన్నంత శ్రద్ధగా తూచి ఉండదు. నడిపి వచ్చాక ఒక కార్డు మీద అంకెలు వెయ్యాలి. బ్రేకుకి ఎంత, కుదుపుకి ఎంత, మలుపుకి ఎంత అని, ఒకటి నుంచి ఐదు దాకా.

నాన్న పేరు ఆర్వెల్ టాకెట్. ఆ పేరు చెప్తే మా ప్రాంతంలో యాభై దాటినవాళ్ళు ముందు ఆయన మొహాన్ని కాదు, కాలిని తలుచుకుంటారు. కోడిగుడ్డు ఆకారపు మట్టి ట్రాకుల మీద ఇరవై ఏళ్ళు మోటారుసైకిలు పందేలు తోలాడాయన. ఆ పందేల్లో అన్నీ ఎడమ మలుపులే. మలుపు రాగానే ఎడమకాలు తీసి నేలకి ఆనించాలి. బండి ఆ కాలివైపు వాలి, వెనకచక్రం పక్కకి జారుతూ తిరుగుతుంది. బూటు అరిగిపోకుండా అడుగున ఉక్కురేకు కట్టుకుంటారు. అందరూ చేసేదే. కానీ మిగతావాళ్ళు కాలు పడేసేవారనీ, ఆర్వెల్ మాత్రం పెట్టేవాడనీ చెప్పుకుంటారు. పందేలు మానేశాక కూడా ఇంకో ఇరవై ఏళ్ళు పొలంగట్ల మీద అలాగే తోలాడు. నీళ్ళు కట్టడానికి వెళ్ళినా కాలు దించకుండా మలుపు తిరిగేవాడు కాదు.

అంతకుముందు చలికాలంలో ఆయన చెవిలో ఏదో పాడైంది. మా పెరట్లో, ఇంజను కూడా ఆపేసి ఉన్న బండి మీద కూర్చుని కూర్చుని పక్కకి ఒరిగిపోయాడు. లేపి కూర్చోబెడితే మళ్ళీ ఒరిగాడు. మనిషిని నిలబెట్టే తూకం చెవిలోనే ఉంటుందట. అది పోయిందనీ, ఇక రాదనీ లాంకాస్టర్ పట్నం డాక్టరు చెప్పాడు. కర్ర పట్టుకుని నడవచ్చు గానీ రెండు చక్రాల మీద మాత్రం కూర్చోకూడదు. నాన్న ఇంటికొచ్చి, షెడ్డులో రెండు బండ్ల మీదా దుప్పట్లు కప్పి, హాల్లో ఫ్యాను ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ అలాగే కూర్చున్నాడు.

మేలో నేను పక్క ఊరి రైతు దగ్గర ఒక పాత మూడు చక్రాల బండి కొన్నాను. ముందుచక్రానికి స్ప్రింగులు కూడా లేని మొదటిరకం బండి. గడ్డి చేలకి నీళ్ళు మళ్ళించడానికి నాన్నకి పనికొస్తుందనుకున్నాను. ఒట్టు, అంతకు మించి నా మనసులో ఏమీ లేదు. నాన్న పెరట్లో దాన్ని ఒక చుట్టు తిప్పి, ఆపి, దిగకుండా అలాగే కూర్చున్నాడు. బండి ఒరగలేదు.

"ఇది పడదే!" అన్నాడు, మూడు నెలల్లో నేను విన్న మొదటి పూర్తి మాట.

"పడదు నాన్నా. దానంతటదే నిలబడుతుంది."

దిగి చుట్టూ తిరిగి చూశాడు. టైరు మీద చెయ్యి వేసి, గుర్రం మెడ తట్టినట్టు తట్టాడు. మర్నాడు పొద్దున బల్ల దగ్గర, ఎవరో ఎప్పుడో అడిగినదానికి జవాబు చెప్తున్నట్టు, "లాంకాస్టర్ తిరనాళ్ళలో ముసలాళ్ళ పందెం ఈ బండ్ల మీదేగా పెడుతున్నారు?" అన్నాడు.

అమ్మ పెనం మీద గుడ్డు తిరగెయ్యబోయి ఆగింది. అవును, మూడేళ్ళుగా తిరనాళ్ళ చివరిరోజు యాభై ఐదు దాటినవాళ్ళకి మూడు చక్రాల మీద పది చుట్ల పందెం పెడుతున్నారు. రెండేళ్ళు వరసగా గెలిచింది డెల్మర్ హింకిల్. నాన్నా హింకిలూ పంతొమ్మిదేళ్ళు ఒకరి దుమ్ము ఒకరు తిన్నవాళ్ళు. హింకిల్ ఇప్పుడు టైర్ల కొట్టు పెట్టుకుని పొట్ట పెంచాడు.

"తోలతావా?" అన్నాను.

"తోలితే తప్పా?"

తప్పో ఒప్పో ఆ క్షణాన నేను ఆలోచించలేదు. ఆయన మొహంలోకి కళ రావడం చూసి సరేనన్నాను.

మూడు చక్రాల బండి మీద కాలు దించకూడదు. మా మైదానంలో మొదటిరోజు మొదటి గంటలో చెప్పేది అదే. దించిన కాలికి సరిగ్గా వెనకే పెద్ద టైరు ఉంటుంది. అది ముందు మడమని పట్టుకుంటుంది, తర్వాత పిక్క మీదికెక్కుతుంది, తర్వాత మనిషిని కిందికి లాక్కుంటుంది. ఎప్పుడూ ఏ బండీ ఎక్కనివాడికి ఇది రెండురోజుల్లో వచ్చేస్తుంది. మోటారుసైకిలు అలవాటున్నవాడికి నెల పడుతుంది. నలభై ఏళ్ళు ఎడమకాలే జీవితంగా బతికినవాడికి ఎంత పడుతుందో చెప్పే లెక్క మా దగ్గర లేదు.

మా ఊరికి తూర్పున ఎండిపోయిన చెరువు ఉంది. మైళ్ళ కొద్దీ సిమెంటు గచ్చులాంటి నేల. రోజూ తెల్లవారుతూనే, ఎండ ముదరకముందే అక్కడికి పోయి పాత టైర్లు పెట్టి ట్రాకు గీసుకునేవాళ్ళం. నేను మధ్యలో నిలబడేదాన్ని. నాన్న చుట్టూ తిరిగేవాడు. మొదటిరోజు ఇరవై మలుపుల్లో పదకొండుసార్లు కాలు దిగింది. నెమ్మదిగా పోతున్నాడు కాబట్టి సరిపోయింది.

"కాలు, నాన్నా!"

"దించలేదే!"

"దించావు."

"ఎప్పుడు?"

ఆయన అబద్ధం చెప్పడంలేదు. దించినట్టు ఆయనకి నిజంగానే తెలీదు. రెప్ప వేసినట్టు తెలుస్తుందా ఎవరికైనా?

నాలుగోరోజు ట్యూబు ముక్కతో ఆయన బూటుని ఫుట్‌రెస్టుకి కట్టేశాను. "పక్కింటి బజ్ పెంటన్ కోడిని కట్టినట్టు కట్టావు," అని గొణుగుతూనే రెండు చుట్లు బాగానే తిరిగాడు. మూడోచుట్టులో బండి ఒక గుంటలో పడి మెల్లగా పక్కకి పొర్లింది. నాన్న దూకలేకపోయాడు. బండితోపాటు పడి, కట్టేసిన కాలితో నేలమీద గింజుకున్నాడు. నేను పరిగెత్తి ఆ రబ్బరు కోసి కాలు విడిపించాను. ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఇక కట్టడం మాట మళ్ళీ ఎత్తలేదు. నోరొక్కటే మిగిలింది. మలుపు మలుపుకీ "కాలూ!" అని అరిచేదాన్ని. జూన్ నెలాఖరుకి నా గొంతు కాకి గొంతైంది.

ఆ నెలాఖరులోనే నాకు ఇంకో సంగతి బయటపడింది. కాలు దించకు అని చెప్పడం తేలికే. దించకుండా ఎలా తిప్పాలో చెప్పమంటే నాకు చెప్పడం రాలేదు. "చూడు, ఇలా," అని తిప్పి చూపించేదాన్ని. "ఇలా అంటే ఎలాగే?" అనేవాడు. నిజమే, ఎలాగ? హ్యాండిల్ తిప్పితే చాలదు. వెనకచక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి, కాబట్టి ఆ బండి తిన్నగా పోదామనే చూస్తుంది. మరి నా కింద మాత్రం ఎందుకు తిరుగుతోంది?

మా ఇంజనీరు తొకునాగా గారిని అడిగాను. జపాను నుంచి వచ్చి ఆరేళ్ళయింది. రోజుకి పది వాక్యాల కంటే ఎక్కువ మాట్లాడేవారు కాదు. విని, లేచి వెళ్ళి, పిల్లలు బొమ్మలు చేసుకునే మైనపుముద్దలు రెండు తెచ్చారు. నా బండికి రెండు ఫుట్‌రెస్టుల మీదా చెరొకటి అతికించి, ఎడమవైపుకి పది చుట్లు తిరిగి రమ్మన్నారు.

తిరిగొచ్చాను. ఎడమవైపు ముద్ద పెట్టింది పెట్టినట్టుంది. కుడివైపుది అప్పచ్చిలా అణిగిపోయింది.

"ఎడమకి తిరిగేటప్పుడు మీరు కుడికాలి మీద నిలబడుతున్నారు," అన్నారాయన. "ఒళ్ళు ఎడమకి, బరువు కుడికాలికి. లోపలి చక్రం తేలిపోతుంది, జారుతుంది, అందుకే తిరుగుతుంది. మీకు తెలీదా?"

"తెలీదండీ."

బీరువాలోంచి ఆ ఏడాది నా కార్డులు తీసి బల్లమీద పరిచారు. మలుపు అన్న గడిలో అన్నింటా నా అక్షరాలతో నాలుగు, నాలుగు, నాలుగు, ఒకచోట ఐదు.

"ఈ నాలుగు బండికి వేశారా మిస్ టాకెట్, మీ కుడికాలికి వేశారా?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. ఖాళీ కార్డు ఒకటి తీసుకుని, స్కేలు పెట్టి, పెన్సిలుతో నడిపే మనిషి కోసం ఇంకో గడి గీసుకుంటూ కూర్చున్నారు. నేను బయటికొచ్చి నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడ్డాను. ఏడాదిపాటు ఆ బండి మంచిగా తిరుగుతోందని సంతకం పెట్టాను. తిప్పింది నా ఒళ్ళు. నా ఒళ్ళు నాతోపాటు ఇంటికొచ్చేస్తుంది, బండి మాత్రం ఎవరో కొనుక్కుపోతారు. మా నాన్నలాంటివాళ్ళు. ఆ పూట నాకు మొదటిసారి భయం వేసింది.

భయం వేసినా ఆ మైనపుముద్ద మాకు పనికొచ్చింది. "ఎడమకాలి సంగతి మర్చిపో నాన్నా. కుడికాలి మీద నిలబడు. దానికి పని ఉంటే ఇది ఊరుకుంటుంది," అని చెప్పాను. అలా చెప్పిన వారానికే ఇరవైకి పదకొండు కాస్తా ఐదైంది, జూలై రెండోవారానికి మూడైంది. నాన్న వేగం పెంచాడు. ఇంట్లో మాట్లాడడం మొదలుపెట్టాడు. భోజనాల దగ్గర ఉప్పుసీసా ట్రాకు మధ్యలో పెట్టి, చెంచాతో బండి నడిపి, 1952లో హింకిల్‌ని ఎలా దాటాడో అమ్మకి చెప్పేవాడు. అమ్మ వినేది కాదు, విననట్టూ ఉండేది కాదు. "ఆ చెంచా ఇలా ఇయ్యి, బీన్సులో వెయ్యాలి," అనేది.

జూలై ఇరవై తారీఖున కాలు టైరు కిందికి పోయింది.

నేను అరుస్తూనే ఉన్నాను. ఎదురుగాలి, వినపడలేదు. బూటు నేలకి తగలగానే టైరు మడమని వెనక్కి లాక్కుపోయింది. బండి ఆయన పిక్క మీదికెక్కి ఆగిపోయింది. అదృష్టం, ఇంజను కూడా ఆగింది. బండిని వెనక్కి నెట్టి చూస్తే బూటు మడమ ఊడిపోయి ఉంది. ఎముక విరగలేదు. పిక్క మాత్రం వంకాయరంగుకి తిరిగింది.

"మీ అమ్మకి చెప్పకు," అన్నాడు పళ్ళు బిగబట్టి.

చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ సాయంత్రం బెండకాయలు తరుగుతూ, హాల్లోంచి గుమ్మం దాటే నాలుగడుగుల్లో ఆయన నడక చూసి, అమ్మ కత్తి కింద పెట్టింది. ప్యాంటు పైకి లాగి చూసింది. వెనిగరులో గుడ్డ తడిపి కట్టు కట్టి, మళ్ళీ వచ్చి బెండకాయలు తరగడం మొదలుపెట్టింది.

మా అమ్మ పేరు వెర్లీన్. 1959లో తన కళ్ళముందే ఒక కుర్రవాడు కంచెకి కొట్టుకుని చచ్చిపోయినప్పటి నుంచీ ఆమె ఏ ట్రాకు గడపా తొక్కలేదు. నాన్న కప్పులు తెస్తే తుడిచి పెట్టేది, అంతే.

"మానిపించేస్తానమ్మా," అన్నాను వంటింట్లోకి పోయి. "తప్పు నాది. ఆ బండి నేను తేకపోతే ఇదంతా లేదు. రేపే అమ్మేస్తాను."

"నిన్నెవరు అడిగారు?"

"కాలు పోయేదమ్మా ఇవాళ!"

"తెలుసు, చూశాగా." బెండకాయ ముక్కల్ని మొక్కజొన్నపిండిలో దొర్లించింది. "ఈ చలికాలం మీ నాన్న నాతో ఎన్ని మాటలాడాడో తెలుసా నీకు? ఫ్యాను పెంచు. ఫ్యాను తగ్గించు. ఇవే. ముప్పై ఐదేళ్ళ కాపరంలో ఆయన బతికొస్తాడో లేదో అని ఎన్ని ఆదివారాలు కుమిలానో నాకు లెక్కలేదు. అయినా ఒక్కరోజు కూడా ఇంట్లో శవంతో ఉన్నట్టు అనిపించలేదు. ఈ మూడునెలలూ అనిపించింది." నూనెలో ముక్కలు వేసింది, చిటపటమన్నాయి. "కాలు పోతే కట్టు కడతా. ఆ కుర్చీలో మాత్రం మళ్ళీ చూడలేను. నువ్వు అరువు. ఇంకా గట్టిగా అరువు. ఆయన నిద్దట్లో కూడా నీ అరుపు వినపడాలి."

అలాగే అరిచాను. పదిరోజులు కాలు నయమవనిచ్చి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి మధ్యలో కాదు, ప్రతి మలుపు దగ్గరా మారుతూ పరిగెత్తి, ఆయన వచ్చేసరికి ఎదురుగా ఉండి అరిచేదాన్ని. ఆగస్టు పదికి ఇరవైలో ఒకటి. పద్దెనిమిదికి సున్నా. ఆ తర్వాత వరసగా తొమ్మిదిరోజులు సున్నా. మలుపులో ఆయన ఎడమబూటు ఫుట్‌రెస్టు మీద మేకు కొట్టినట్టు ఉండేది. నాకు ఎంత ఆనందమో చెప్పలేను. నాన్న మాత్రం దిగి హెల్మెట్ తీసి, "వచ్చిందిలే," అనేవాడు, మందు మింగినవాడిలా.

పందెం రోజు అమ్మ కూడా బయల్దేరింది. ఆదివారం చర్చికి వేసుకునే నీలం గౌను తొడుక్కుని ట్రక్కులో మధ్యసీటులో కూర్చుంది.

తిరనాళ్ళ చివరిరోజు మధ్యాహ్నం. పశువుల కొట్టాల వాసన, నూనెలో కాలుతున్న పిండివంటల వాసన, వీటికి తోడు ట్రాకు మీద చల్లిన నీళ్ళకి లేచిన మట్టివాసన. ట్రాకు పక్కన కూర్చునే మెట్ల మీదికి జనం బాగానే వచ్చారు. తెల్లజుట్టు వాళ్ళే ఎక్కువ. ఆర్వెల్ టాకెట్ మళ్ళీ తోలుతున్నాడని వారం నుంచీ ఊళ్ళో చెప్పుకుంటున్నారట.

హింకిల్ తన కొత్త ఎర్రబండి మీద కూర్చుని మా పాతబండి వంక చూశాడు.

"ఏరా ఆర్వెల్, మూడో చక్రం వచ్చిందిగా! ఇక పడిపోవడానికి సాకు లేదు."

"నీకు నాలుగోది కూడా కావాలేమోరా," అన్నాడు నాన్న, "ఆ పొట్ట ఆనించుకోడానికి."

చుట్టూ ఉన్న ముసలాళ్ళు పగలబడి నవ్వారు. హింకిల్ కూడా నవ్వాడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "దించుతావా?" అన్నాడు.

"దించను. మా అమ్మాయి ఒప్పుకోదు."

"అయితే వీళ్ళంతా ఏం చూడ్డానికి వచ్చినట్టురా?" అన్నాడు హింకిల్. ఎగతాళిగా అనలేదు. నాన్న హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు.

అమ్మా నేనూ నాలుగో మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాం. ఆరుగురు తోలుతున్నారు. జెండా ఊపారు. నాన్న ఐదోవాడిగా మొదటి మలుపులోకి వచ్చాడు. కాలు ఫుట్‌రెస్టు మీదే ఉంది. మెట్ల మీద జనం "అయ్యో" అన్నారు, అందరూ కలిసి, ఒక్క నిట్టూర్పు. ఆ చప్పుడు నాన్నకి వినపడకూడదని కోరుకున్నాను.

మూడోచుట్టుకి నాలుగోవాడయ్యాడు. ఆరోచుట్టుకి మూడు. నేర్పినట్టే తోలుతున్నాడు, కుడికాలి మీద నిలబడి, ఒళ్ళు ఎడమకి వాల్చి. నేను ప్రతి చుట్టులోనూ మా మలుపు దగ్గరికి రాగానే "కాలూ!" అని అరుస్తూనే ఉన్నాను. ఎనిమిదో చుట్టులో ముందున్న ఒకడి బండి ఆగిపోయింది. ఇక ముందు హింకిల్ ఒక్కడే.

"ఎన్ని మిగిలాయి?" అంది అమ్మ.

"రెండు."

పదోచుట్టు చివరి మలుపు మా ముందే. హింకిల్ బండి మెత్తటి మట్టిలో పడి బయటికి జారింది. లోపలివైపు సందు ఇచ్చాడు. ఒక్క బండి పట్టే సందు. అందులోకి దూరాలంటే ఇంకా ముడుచుకుని తిరగాలి, ఆ పాతబండి అంత తిరగదు. కాలు దించి, దాని చుట్టూ బండిని ఈడ్చి తిప్పితే తిరుగుతుంది. అది నాకు తెలుసు. ఆ వేగంలో దించితే తర్వాత టైరు ఏం చేస్తుందో కూడా అక్కడున్న వాళ్ళందరికంటే నాకే బాగా తెలుసు.

నాన్నకీ ఆ సందు కనపడింది. ఆయన ఎడమబూటు ఫుట్‌రెస్టు మీంచి లేచింది.

నేను నోరు తెరిచాను. అరుపు నాలుక మీదే ఉంది. అరవలేదు.

బూటు నేలకి జానెడు ఎత్తున ఆగింది. ఒక గుటక వేసేంతసేపు. మెట్ల మీద జనమంతా లేచి నిలబడడం తెలుస్తూనే ఉంది. తర్వాత బూటు వెనక్కి పోయి ఫుట్‌రెస్టు మీద కూర్చుంది. బండి తిరగాల్సినంత తిరగలేదు. సందు మూసుకుపోయింది. హింకిల్ ఒక బండి పొడవు తేడాతో గెలిచాడు.

నాన్న ట్రాకు పక్కన బండి ఆపి హెల్మెట్ తీశాడు. మొహమంతా దుమ్ము, కళ్ళచుట్టూ మాత్రం శుభ్రంగా ఉంది. అమ్మా నేనూ దగ్గరికి పోయేసరికి ఎడమతొడ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"అరిచావుగా," అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"చివరి మలుపులో. కాలూ అని అరిచావుగా. చెవిలో అరిచినట్టు వినపడింది." నా వైపు చూడలేదు. "నువ్వు అరవకపోతే దించేవాణ్ణి. దించితే కొట్టేసేవాణ్ణి వాణ్ణి."

నా పక్కనుంచి అమ్మ అంది:

"అరిచింది. నా చెవులు ఇంకా గింగురుమంటున్నాయి."

నాన్న తల ఊపాడు. మెల్లగా దిగి, కర్ర అందుకుని, హింకిల్‌కి చెయ్యి కలపడానికి నడిచాడు.

ఆ తర్వాత ఆయన పందెం తోలలేదు. అడిగినవాళ్ళకి, ఒక్కటి చాలన్నాడు. ఆ బండి మీదే రోజూ చేలకి పోయి నీళ్ళు కట్టుకునేవాడు, కాళ్ళు రెండూ పైనే పెట్టుకుని. తిరిగొచ్చి వరండాలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెప్పేవాడు. హాల్లో కుర్చీని అమ్మ చర్చివాళ్ళకి ఇచ్చేసింది. నేను ఆ అక్టోబరులో పరీక్షల పని మానేసి, అదే కంపెనీలో కొత్తగా బండి ఎక్కేవాళ్ళకి నేర్పే పనిలో చేరాను. కార్డు మీద అంకె వెయ్యాలంటే నాకిక చెయ్యి రాలేదు. రెండేళ్ళు దాటాక, ప్రమాదాలు ఎక్కువైపోయి, ఈ దేశంలో మూడు చక్రాల బండ్ల అమ్మకమే ఆగిపోయింది.

నాన్న ఇంకా పదకొండేళ్ళు బతికాడు, రెండు కాళ్ళతో. హింకిల్ మా వరండాలోకి వచ్చినప్పుడల్లా ఆ పందెం మాట వచ్చేది. "మా అమ్మాయి లూ అరవబట్టి గానీ, లేకపోతే నువ్వు నా దుమ్ము తినేవాడివిరా," అనేవాడు నాన్న. కోపంగా కాదు, నిందిస్తూనూ కాదు. అయినా ఆ మాట ఆయన చెప్పడం మానలేదు. నేను కాఫీ పోస్తూ నవ్వేదాన్ని. నేను అరవలేదని ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే, మరి ఎందుకు అరవలేదు అని అడుగుతాడు. వేసవంతా ఆ కాలిని కాపాడడానికి గొంతు పోగొట్టుకున్నదాన్ని, ఆ ఒక్క మలుపులో, పోతే పోనీ కాలు, ఆయన గెలవాలి అనుకున్నానని ఏ మొహంతో చెప్పను?

ఒక్క అమ్మకే చెప్పాను. పందెం అయిన మూడోరోజు పెరట్లో ఇద్దరం బట్టలు ఆరేస్తున్నాం. నాన్న చేలో ఉన్నాడు, బండి చప్పుడు దూరంగా వినపడుతోంది.

"ఎందుకు అరవలేదే?" అంది అమ్మ, తీగ మీద దుప్పటి సర్దుతూ.

చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. అమ్మ తిడుతుందనుకున్నాను, కనీసం నా వైపు తిరుగుతుందనుకున్నాను. ఆమె నోట్లో ఉన్న క్లిప్పు తీసి దుప్పటికి పెట్టింది, ఇంకోటి పెట్టింది.

"నేనూ పక్కనే ఉన్నాగా," అంది. "నాకూ నోరుందిగా."